తలుపు మీది అతుకు

నేను ఏడో తరగతి మూడేళ్లు చదివాను. ఇంత ఓపిక ఉన్న విద్యార్థిని తన సర్వీసులో చూడలేదని హెడ్మాస్టరు మా నాయనతో చెప్పి, మరునాడే టీసీ రాసిచ్చాడు. అలాంటివాణ్ణి కంప్యూటర్ల గదిలోకి పిలిచారంటే తప్పులో కొంత పిలిచినవాళ్లది కూడా అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఎనభైల చివర్లో వరంగల్‌లో నా పని ఇళ్ల మీద టీవీ యాంటెన్నాలు నిలబెట్టడం. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఐదు కంప్యూటర్లు తెచ్చుకున్నారు. పిల్లల మార్కులన్నీ ఒక పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి, దాన్ని సర్వర్ అనేవారు. మిగతా నాలుగూ కేబుల్ ద్వారా దానితో కలిస్తేనే పని. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు కేబుల్ చుట్ట నా చేతికిచ్చి, ఎటు లాగాలో గోడ మీద సుద్దముక్కతో గీసి, టీ తాగడానికి పోయాడు.

రెండు వైపుల నుంచి లాగుకుంటూ వస్తే తలుపు పైన రెండు మూరలు తక్కువ పడింది. నా సంచిలో యాంటెన్నా వైరు ఉంది. అదీ నలుపే, ఇదీ నలుపే, లావూ ఇంచుమించు అంతే. మా పనిలో వైరు తక్కువైతే ఎవరినీ అడగం. పళ్లతో పైతోలు గీకి, కొసలు మెలేసి, టేపు చుడతాం. అలాగే చుట్టి, తలుపు చట్రం పైన చెక్కబద్దె కొట్టేశాను. ఇంజనీరు వచ్చి చూస్తే నాలుగూ కలిశాయి. "శభాష్" అన్నాడు. బడిలో ఎన్నడూ వినని మాట.

ఆ కంప్యూటర్ల మీద పనికి కాశిబుగ్గ నుంచి ఒక అమ్మాయిని టెంపరరీగా తీసుకున్నారు. తండ్రిది మగ్గం పని. మార్కుల జాబితాలు గడువులోగా తీసిస్తే పర్మినెంట్ చేస్తామని సెక్షన్ సారు మాటిచ్చాడు. ఇంట్లో నెలజీతం చూడబోయే మొదటి మనిషి తానేనని ఆమె నాతో ఒకసారి అంది.

వారం తిరక్కుండానే, హాస్టల్ యాంటెన్నా తిప్పుతున్న నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, జర వచ్చి చూడరాదె. పొద్దుగాల కలిసినయ్, ఇప్పుడు ఒక్కటి గూడ కలుస్తలేదు."

"నేను యాంటెన్నాలోణ్ణి చెల్లె. నీ కంప్యూటర్‌ను డాబా ఎక్కియ్యమంటె ఎక్కిస్త. అంతకుమించి నాకేం తెల్వది."

నవ్వి వెళ్లిపోయింది. సర్వర్‌తో కలవడానికి తన పేరు మళ్లీ మళ్లీ కొట్టేది. ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ పెట్టేది. ఒకదాని చోట ఇంకొకటి మార్చి చూసేది. చేసిందల్లా ఒక నోటుబుక్కులో రాసుకునేది. స్క్రీన్ మీద మాత్రం సర్వర్ దొరకలేదన్న అదే ఇంగ్లీషు వాక్యం. తీరా సారు చూడడానికి వస్తే అన్నీ బుద్ధిగా కలిసేవి. ఇంజనీరు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ కలిశాయి.

"ఇంజనీర్ ముందట కలుస్తయ్, నా ముందట కలుస్తయ్. నీ చేతులనే ఏమున్నదమ్మా?" అన్నాడు సారు.

గడువు దాటింది. జాబితాలు బయటికి రాలేదు. సారు అందరినీ ఆ గదిలోకి పిలిచాడు, వైరు లాగినవాణ్ణని నన్ను కూడా. చోటు లేక నేను గుమ్మంలో నిలబడ్డాను. ఇంజనీరు కూర్చుంటే నాలుగూ కలిశాయి. "ఇగ నువ్వు కూసో" అన్నాడు సారు ఆమెతో. ఏసీ చల్లదనం పోతోందని నన్ను లోపలికి జరగమని, ప్యూను తలుపు దబ్బున మూశాడు. నా నెత్తి మీద చెక్కబద్దె అదిరింది. ఆమె తన పేరు కొట్టింది. సర్వర్ దొరకలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఎవరైనా చూడడానికి వస్తే ఆ గది తలుపు తెరిచే ఉండేది. ఏసీ గది తలుపు మూయవలెనని గోడ మీద రాసిన రూలును పాటించేది ఆమె ఒక్కతే. మూసిన ప్రతిసారీ నా అతుకు కదిలి విడేది, తెరిస్తే మళ్లీ తగులుకునేది.

సారు నా వైపు తిరిగాడు. "నీ వైరు మంచిగున్నదా?"

చెప్పాల్సిన మాట ఒక్కటే. నోట్లోంచి వచ్చింది వేరే. "నేను గుంజిన వైరు సార్. తడి దుప్పట్లు ఆరేసినా తెగది."

అందరూ నవ్వారు. ఇంజనీరూ నవ్వాడు. రేపటి నుంచి రావద్దని సారు ఆ నవ్వు ఆగకముందే ఆమెకు చెప్పాడు. ఆమె నోటుబుక్కు ఇంజనీరు ముందు పెట్టింది. అతను దాన్ని తెరవలేదు.

ఆ ఆదివారం నేనే వెళ్లి బద్దె ఊడదీసి, అసలు కేబుల్ ముక్క వేసి, ఇత్తడి కనెక్టర్లు బిగించాను. పదిసార్లు తలుపు బాది చూశాను. కొత్త ఆపరేటర్ వచ్చాక కంప్యూటర్లు కలవని రోజు లేదు. "చూసినవా, మనిషిని మార్చంగనె మంచిగైనయ్" అని సారు నాకే చెప్పాడు. నేను తలూపాను.

ఆమె ఇంకో రెండు చోట్ల పని అడిగిందట. ఆమె చెయ్యి పడితే కంప్యూటర్లు కలవవన్న మాట రెండు చోట్లకూ ఆమెకంటే ముందే చేరింది.

ఏడాది తర్వాత కాశిబుగ్గలో ఒక డాబా మీద యాంటెన్నా కడుతుంటే, పక్కింటి అరుగు మీద రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ కనిపించింది. దిగి వెళ్లాను. తలుపు, అతుకు, ఆదివారం అన్నీ చెప్పాను. చివర్లో అన్నాను: "నీ చెయ్యి మంచిదే చెల్లె. ఆనాడు నా బుర్రకే సర్వర్ దొరకలే."

ఆమె రాట్నం ఆపలేదు.

"మా నాయిన దినాం ఎన్ని పోగులతుకుతడో లెక్కలేదన్నా. అతికినందుకు నిన్నేమనను. నా కొలువు పోతాంటె నలుగుర్ని నవ్విచ్చినవ్. ఇయ్యాల నన్ను గూడ నవ్వుమంటున్నవా?"