బొట్టుబిళ్ళ కింద దీపం

కారులో స్టీరింగు వెనకాల పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగి, ఇక ఆరలేదు. జారుతున్న కారు బొమ్మ. నరసాపురం రోడ్డు మీద, బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని రైతులు పరిచిన మినప మొక్కల మీదుగా మా అమ్మాయి కారు పోనిచ్చిన రోజు నుంచీ అంతే.

"షెడ్డులో చూపిద్దామమ్మా," అంది.

"బండి నడుస్తోందా లేదా? దీపానికి కూడా వైద్యమేంటే?" అని నా నుదుటి బొట్టుబిళ్ళ తీసి దాని మీద అంటించాను. మా ఇంట్లో ఊరికే మెరిసే ప్రతి దీపానికీ అదే మందు.

పది రోజులకు అదే రోడ్డు. సన్నగా తుంపర. తడిసిన మినప మొక్కలు నాచులా ఉన్నాయి. ఎదురుగా ఆటో అడ్డం తిరిగింది. మా అమ్మాయి స్టీరింగు తిప్పి బ్రేకు తొక్కింది. వెనకభాగం విసురుగా తిరిగిపోయి, కారు పక్కవాటుగా కాలవ వంతెన గోడను గుద్దింది. ఆమె వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయింది. అద్దం పగిలి నా ఒళ్ళో పడింది. ఆమె కుడి మణికట్టు ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆ చేత్తోనే లేసు అల్లుతుంది, దాని మీదే బతుకుతుంది.

మినుములు పరిచిన రైతు పరిగెత్తుకొచ్చాడు. "నిదానంగా తోలాలి కదండీ అమ్మగారూ," అన్నాడు. చెప్పు తీసి ముఖం మీద కొట్టాను. పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టాను. అతని భార్య నా జుట్టు పట్టుకుని ఈడ్చింది. నేను ఆమె చెయ్యి కొరికాను. నలుగురు చేరి విడదీశారు.

షెడ్డులో మేస్త్రి వెనక చక్రం విప్పి, ఎండిన మినప తీగల ఉండ ఒకటి లాగాడు. అందులో తెగిన వైరు ఉంది.

"చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఇది చెప్పాలండీ. ఇది తెగినా, బ్యాటరీ నీరసించినా, టైర్లు తలో రకం వేసినా, కారు జారకుండా పట్టుకునే ఏర్పాటు ఆగిపోద్ది. అప్పుడు దీపం వెలుగుద్దండీ. మీకు వెలగలేదా?"

లోపలికి వంగి చూసి బొట్టుబిళ్ళ గోటితో ఊడదీశాడు. "ఇదెవరు పెట్టారండీ?"

"మా అమ్మండీ," అంది మా అమ్మాయి, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "కారుకి దిష్టి తగలకుండా."

మేస్త్రి నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెయ్యి మునుపటిలా వంగుతుందో లేదో చెప్పలేమని డాక్టరు అప్పటికే అన్నాడు.

మర్నాడు ఆ రైతు ఇంటికి వెళ్ళాను. పెదవి వాచి ఉంది.

"మళ్ళీ కొట్టడానికొచ్చారా అండీ?"

"కాదు. దీపం వెలిగితే నేనే కప్పేశాను. మీరు నాకు తేరగా దొరికారు."

అతను కుర్చీ జరిపాడు. అతని భార్య గుమ్మంలోకి వచ్చి, "కూర్చోబెట్టకండి ఆవిణ్ణి," అంది. ఆమె ముంజేతి మీద నా పళ్ళ గాట్లు ఇంకా నల్లగా ఉన్నాయి.

నేను కూర్చోలేదు. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పి వచ్చేశాను.