పరుగెత్తడానికి ఒక బాడీ

పరుగెత్తడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. పరుగెత్తేటప్పుడు ఒంటిని ఏం చేసుకోవాలో మాత్రం డిగ్రీ పూర్తయ్యాక కూడా తెలియలేదు.

ఆ ఏడు పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయి. ఆడవాళ్లకూ పరుగు పెడతారని, అందులో నెగ్గితేనే రాతపరీక్షకు పిలుస్తారని విని, ఇటిక్యాల దగ్గరున్న మా ఊరి నుంచి వనపర్తి వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నాను. గదిలో నాతోపాటు ఉన్నామె కోడేరు వైపు మనిషి. నాకంటే పెద్దది, పెళ్లయింది. భర్త పుణెలో మేస్త్రీ పని చేసేవాడు. పాలు మరిచిన కూతుర్ని తల్లి దగ్గర వదిలి పరీక్షకు వచ్చింది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. రిటైరైన డ్రిల్లు సారు ఒకాయన తెల్లవారుతూనే కాలేజీ మైదానంలో మాలాంటి వాళ్లను కొందరిని పరుగెత్తించేవాడు.

మొదటి వారంలోనే సారుకు నా మీద విసుగొచ్చింది. చేతులు ఎందుకలా రొమ్ముకు అదుముకొని ఉరుకుతున్నావని, చేతులు ఆడితేనే కాళ్లు ఆడతాయని రోజూ చెప్పేవాడు. నేను తల ఊపి నాలుగు అడుగులు చేతులు వదిలేదాన్ని, మళ్లీ దగ్గరికి లాక్కునేదాన్ని. వదిలితే రొమ్ములు ఊగుతాయి. ఊగితే నొప్పి. ఆ నొప్పి కన్నా, మైదానం గోడ మీద కూర్చుని పళ్లు తోముకుంటూ చూసేవాళ్ల కళ్లే ఎక్కువ బాధ పెట్టేవి.

మా వైపు బ్రాను బాడీ అంటారు. నా బాడీలన్నీ అమ్మ సంతలో కొన్నవే. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి నన్ను కిందికీ మీదికీ చూసి ఏరిన సైజు, ఏళ్లు గడిచినా అదే సైజు. పల్చటి గుడ్డ, సన్నటి పట్టీలు, వెనకాల కొక్కేలు. నడిచినంతసేపూ ఏమీ కాదు. ఉరికితే ఒక పట్టీ భుజం మీది నుంచి జారేది, కింది పట్టీ పైకి ఎగబాకేది. డ్రాయర్లు నైలానువి, మెరుస్తూ ఉండేవి. వాటి ఎలాస్టిక్ సరిగ్గా తొడ మడతలో కూర్చుని కోసేది. మైదానం చుట్టి వచ్చేసరికి ఆ కోతలోకి చెమట దిగి భగ్గుమనేది.

ఆ రోజుల్లో నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. జనరల్ నాలెడ్జి పుస్తకం చేతిలో పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ చదివేదాన్ని. కూర్చుంటే తొడలు మంట, పడుకుంటే రేపు మళ్లీ ఉరకాలన్న దిగులు. ఎవరైనా పలకరిస్తే కసురుకునేదాన్ని. అక్క అన్నం పెడితే నిలబడే తినేదాన్ని. ఏమైందని ఆమె అడగలేదు. ఆమె పరిస్థితి నాకంటే అధ్వాన్నంగా ఉందని తర్వాత తెలిసింది. బిడ్డ తాగడం మానేసి ఎంతో కాలం కాలేదు, ఉరికిన ప్రతిసారీ రొమ్ములు రాళ్లలా గట్టిపడి సలిపేవట. ఇద్దరం ఒకే గదిలో ఒకే బాధ పడుతూ ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఒకసారి అమ్మ బియ్యం, చింతపండు మూట కట్టుకొని మమ్మల్ని చూడటానికి వచ్చింది. నేను స్నానం చేస్తుంటే వీపు రుద్దడానికి లోపలికి వచ్చి తొడలు చూసింది. తాము ఏళ్ల తరబడి నాట్లేశామని, మిరపకాయ కోశామని, ఒంటికి ఇవేవీ లేకుండానే అంతా చేశామని మొదలుపెట్టింది గానీ, మాట సగంలో ఆపేసి కొబ్బరినూనె కోసం వెళ్లింది. మరుసటి నెల వచ్చినప్పుడు నాన్న పాత ధోవతి చింపి చేత్తో కుట్టిన డ్రాయర్లు తెచ్చింది. మెత్తగా, వదులుగా, మోకాలి పైదాకా ఉన్నాయి. వేసుకున్న మొదటి రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది, అంత హాయిగా ఉన్నాయి. కానీ పరుగు దూరం పెరిగే కొద్దీ ఆ గుడ్డ చెమటంతా పీల్చి బరువెక్కేది. తడి గుడ్డ మెలికలు తిరిగి తొడల మధ్య ఉండ కట్టేది. మంట చోటు మారిందంతే. అమ్మకు ఆ మాట చెప్పలేక, ఆమె వచ్చినప్పుడు మాత్రం అవే వేసుకునేదాన్ని.

అక్క తన పద్ధతులు తను చూసింది. ఒక బాడీ మీద ఇంకో బాడీ వేసింది. పైన చున్నీని బిగించి చుట్టింది. ఒక పొద్దున అలాగే ఉరుకుతూ మైదానం మధ్యలో కళ్లు తిరిగి కూలబడింది. మేము పరుగున వెళ్లి ముడి విప్పితే గానీ ఊపిరి అందలేదు. సారు నీళ్ల సీసాతో వచ్చి, తినకుండా వచ్చావా అని కేకలేశాడు. అక్క నేల మీద కూర్చునే తలెత్తి ఆయన్ని చూసింది.

"తిన్న సార్. తిండితోని కాలే. ఉరికితే మాకు ఛాతి ఊగుతది, నొప్పి లేస్తది. సరైన బాడీలు లేవు మాకు. అందుకే ఈ పిల్ల చేతులు దగ్గర పెట్టుకుంటది, నేను చున్నీ కట్టుకుంట."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. సారు సీసాకు మూత తిప్పి పెట్టాడు.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు. "ఇన్నేండ్ల సంది ఉరికిస్తున్న, ఎవ్వరు జెప్పలే. మంచియి జూసి కొనుక్కోండ్రి. అప్పటిదాంక నడువుండ్రి, ఉరకకండ్రి."

మర్నాటి నుంచి మమ్మల్ని గోడకు దూరంగా, చెట్లున్న వెనక వైపుకు మార్చాడు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు.

కొనుక్కోమన్నాడు సరే, ఎక్కడ కొనాలి? వనపర్తిలో మేము చూసిన దుకాణాల్లో కౌంటరు వెనక మగవాళ్లే ఉండేవారు. అడగడానికి ముందు మిగతా గిరాకీ వెళ్లిపోయేదాకా రిబ్బన్లు చూస్తున్నట్టు నటించాలి. అడిగాక అతను సైజెంత అని వీధికంతా వినిపించేలా అడుగుతాడు. నోటికొచ్చిన అంకె చెబితే, కాగితంలో చుట్టి గబగబా చేతిలో పెడతాడు. మార్చుకోవడం, వేసి చూసుకోవడం అనే మాటే లేదు. ఇట్లా కాదని, మా ఊరి వైపున్న గద్వాలకు వెళ్దామని అక్క పట్టుబట్టింది. అక్కడ ఒక గాజుల దుకాణంలో ఆడమనిషే కూర్చుంటుందని ఆమెకు ఎవరో చెప్పారట.

ఆ దుకాణం ఆమె రాయచూరు వైపు నుంచి కాపురానికి వచ్చిన మనిషి. తెలుగులో కన్నడం కలిసిపోయేది. అక్క మొహమాటం లేకుండా, పోలీసు పరుగుకు పోతున్నాం, ఉరికితే ఊగకుండా, కోయకుండా ఉండేవి కావాలని చెప్పింది. ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసింది. నవ్వుతుందేమోనని నేను అప్పుడే గుమ్మం వైపు తిరిగాను. ఆమె నవ్వలేదు. ఇన్నేళ్లలో పెళ్లికని, పండక్కని, బాలింతకని అడిగినవాళ్లే గానీ పరుగుకని అడిగినవాళ్లు లేరంది. పై అరలోంచి అట్టపెట్టెలు దించి, అన్నిటికంటే ఖరీదైనదే మంచిదై ఉంటుందని లేసుతో, లోపల స్పాంజితో ఉన్నవి ముందు తీసింది. కొడుకును గల్లా దగ్గర కూర్చోబెట్టి మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్లింది. చుట్టూ నిలువెత్తు పిట్టగోడ ఉన్న చిన్న మిద్దె అది. మూలన మెట్లగదిలో బట్టలు మార్చుకొమ్మంది.

నేను మార్చుకుని పైన కమీజు వేసుకుని వచ్చి నిలబడ్డాను. బాగానే ఉందన్నాను.

"నిలవడితే అన్నీ బాగనే ఉంటయి" అంది ఆమె. "జర ఉరికి సూడు."

పట్టపగలు, గద్వాల మిద్దె మీద, ఎండబెట్టిన వడియాల చాప చుట్టూ నేను ఉరికాను. సగం చుట్టుకే లేసు చంకలో గీరింది. స్పాంజి చెమట పట్టి అట్టలా అయింది. తీసేశాను. అక్క ఇంకోటి వేసుకుని ఉరికింది, పట్టీ జారింది, తీసేసింది. దుకాణం ఆమె కిందికి దిగడం, పెట్టెలు మోసుకుని ఎక్కడం, మేము ఉరకడం. ఏది ఎందుకు బాగాలేదో మాకు అప్పుడప్పుడే తెలుస్తోంది. భుజాల మీది పట్టీలు బరువు మోస్తాయని నేను అనుకునేదాన్ని. నిజానికి బరువు ఆపేది రొమ్ముల కింద చుట్టూ ఉండే పట్టీ. అది చేతులెత్తినా పైకి కదలకూడదు, గట్టిగా ఊపిరి తీస్తే అడ్డం పడకూడదు. నేను ఇన్నాళ్లూ వేసుకున్నది చుట్టూ వదులు, ముందు బిగువు. సైజు రెండు వైపులా తప్పే. చివరికి ఒక పెట్టె అడుగున కొక్కేలు లేని బాడీలు దొరికాయి. తల మీది నుంచి తొడుక్కోవాలి. బనీను గుడ్డలా సాగుతుంది, వెడల్పాటి పట్టీలు వీపు మీద దగ్గరికి వస్తాయి. చూడటానికి ఏ అందమూ లేదు. ఎవరూ కొనక పడి ఉన్నాయంది ఆమె.

అది వేసుకుని ఉరికినప్పుడు నాకు తెలియకుండానే చేతులు ఆడాయి. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు ఉరికాను. ఆగాలనిపించలేదు.

"సాకమ్మా, సాకు" అంది దుకాణం ఆమె, ఇక చాలని. "వడియాలు తొక్కుతవ్."

అక్కకు ఒక్కటి సరిపోలేదు. ఒంటిని అంటిపెట్టుకునే మామూలు బాడీ కింద, పైన ఇదీ వేస్తే ఊపు ఆగింది, ఊపిరీ ఆడింది. డ్రాయర్ల సంగతి తొందరగానే తేలింది. తొడ మడతలో కాక, తొడ మీదికి కాస్త దిగి ఆగేవి, ఎలాస్టిక్‌ను గుడ్డలో మడిచి కుట్టినవి, సాగే గుడ్డవి, నేను అనుకున్న దానికంటే ఒక సైజు పెద్దవి. మేము మెట్లు దిగుతుంటే వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే దుకాణం ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మిద్దె మీద ఒక్క చుట్టు ఉరికి, మమ్మల్ని చూసి ఆగిపోయింది.

కొత్తవి నేరుగా పరీక్షకు వేసుకుంటే ఎక్కడ గీరుతాయో తెలియదని, రోజూ వాటితోనే ఉరికి, ఉతికి, ఆరేసేవాళ్లం. అప్పటికి వానలు పడ్డాయి. ఇంటి యజమానురాలు తన తీగ మీద మా లోబట్టలు కనిపించకూడదంది. తువ్వాలు కింద దాచి ఆరేస్తే తేమ పోయేది కాదు, తడివి వేసుకుంటే దురద లేచేది. నాకు మళ్లీ పాత చిరాకు మొదలైంది. అక్క వెళ్లి, మీ ఇంట్లో మగవాళ్ల బనీన్లు ఆరేస్తున్నారు కదా, ఇవీ బనీన్లలాంటివే అని నెమ్మదిగానే చెప్పింది. ఆవిడ మొహం మాడ్చుకుంది గానీ, తీగ చివర కాస్త చోటిచ్చింది.

పరుగు పరీక్ష అప్పటి జిల్లా కేంద్రంలో జరిగింది. మైదానం నిండా ఆడపిల్లలు. ఎవరిని చూసినా భుజం మీది పట్టీ సర్దుకుంటున్నారు, పిన్నీసులు పెట్టుకుంటున్నారు. నా పక్కన అమ్రాబాద్ నుంచి వచ్చిన పిల్ల రెండు చేతులూ రొమ్ముకు కట్టుకుని నిలబడింది. ఆమెకు ఏదో చెప్పాలని నోరు తెరిచేలోపే విజిల్ పడింది. ఉరికాను. గాలి తప్ప నాకేమీ తగల్లేదు. గీత దాటి వెనక్కి చూస్తే అక్క నా వెనకాలే వస్తోంది. ఇద్దరం పరుగు నెగ్గాం. అమ్రాబాద్ పిల్ల ఎక్కడా కనిపించలేదు. ఆ సాయంత్రం బస్సులో నేను ఆమె గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

రాతపరీక్షలో అక్క గట్టెక్కింది, నేను తప్పాను. ఆమె శిక్షణకు వెళ్లిపోయింది. నేను ఊరికి వచ్చేశాను. ఏ పనీ తోచక పొద్దున్నే కాలువ గట్టు మీద ఉరికేదాన్ని. ఉద్యోగం రాలేదు కదా, ఇంకెందుకు ఉరుకుతుందని జనం అడిగితే, కాళ్లు ఊకుంటలేవంట అని అమ్మ చెప్పేది. ఆ ఏడు మిరపకాయ కోతలప్పుడు ఒక రోజు చేను నుంచి వస్తూ, ఎటో చూస్తూ అడిగింది.

"గట్లాంటిది నాకు గూడ దొరుకుతదా? వంగి వంగి బరువైతుంది."

నేను మరుసటి రోజే గద్వాల వెళ్లాను. సైజు ఎంతో ముందే దారంతో కొలిచి ముడేసుకున్నాను. అమ్మ దాన్ని రవికె లోపల వేసుకుని చేనుకు వెళ్లింది. కొన్నాళ్లకు, ఉతికితే ఆరేదాకా వేసుకోడానికి లేదు, ఇంకోటి తెమ్మంది.

తర్వాత నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరాను. పెద్ద తరగతుల ఆడపిల్లలు ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అని గదిలోనే ఉండిపోయేవాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, కొలత ఎట్లా తీసుకోవాలో, ఎలాంటివి కొనమని ఇంట్లో అడగాలో చెప్పాను. ఎవరూ తలెత్తలేదు. కానీ గంట కొట్టినా ఎవరూ లేచి వెళ్లలేదు.