ఊ కొట్టిన శుక్రవారం

చచ్చి ఎన్నాళ్లో అయిన ఒక జర్మనీ ఆయన మా శుక్రవారాలన్నీ తినేశాడు. ఆయన ఒపెరాలు కట్టాడట. అంటే మన వీధి నాటకం లాంటిదే, కాకపోతే అన్నం పెట్టమన్నా పాడే అడుగుతారు. కువైట్‌లో, సల్వాలో నేను పనిచేసే ఇంటావిడకు, మేం మామా అని పిలిచే ఆమెకు, ఆయనంటే పిచ్చి. ప్రతి శుక్రవారం సాయంత్రం హాల్లో ఉపన్యాసం, తర్వాత చర్చ. చర్చ అంటే కేకులు తినడం.

అభిమానులు ఎంతమంది వచ్చినా కుర్చీలు మిగిలేవి. ఖాళీ కుర్చీలు ఫొటోలో పడితే మామాకు తలకొట్టేసినట్టు ఉంటుంది. అందుకని డ్రైవర్‌కూ, వంటామెకూ, నాకూ మంచి బట్టలు తొడిగించి కూర్చోబెట్టేది.

ఆ శుక్రవారం మాత్రం నన్ను వదిలిపెట్టమని బతిమాలుకున్నాను. ఖైతాన్‌లో ఉండే మా అక్క మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కుతోంది, ఇక కువైట్‌కు రాదు.

"ఉపన్యాసం ఖలాస్ అవగానే వెళ్లు. యల్లా, కూర్చో," అంది మామా.

ఉపన్యాసకుడు ఒక ముసలి దొర. ఏదో ఉంగరం కోసం దేవుళ్లు కొట్టుకు చావడం గురించి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మా రాయచోటి వైపు ఎవరైనా కథ చెబుతుంటే ఊ కొట్టకపోవడం వాళ్లను అవమానించడమే. నా నోరు ఊరుకుంటుందా? ఆయన ఆగిన చోటల్లా "ఊ" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎన్నేళ్లుగా కునికేవాళ్లకు చెబుతున్నాడో పాపం! అందరినీ వదిలేసి నాకే చెప్పసాగాడు.

కిటికీలో పొద్దు వాలిపోతోంది. నోరు కట్టేసుకున్నాను. ఆయన ఆగి, నాకు అర్థం కాలేదనుకుని, ఉంగరం దగ్గర్నుంచి మళ్లీ ఎత్తుకున్నాడు. ఓరి దేవుడా! ఊ అంటే ముందుకు పోతాడు, అనకపోతే వెనక్కి పోతాడు. నాకు ఏడుపొచ్చింది. చివరికి లేచి నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. అభిమానులంతా ఇదే అదనుగా లేచి నాకంటే గట్టిగా కొట్టారు, కొట్టుకుంటూనే కేకుల దగ్గరికి నడిచారు. ముసలాయన ఒక్కడే గుండె మీద చెయ్యి పెట్టుకుని నా వైపు వంగాడు. మామా నన్ను పిలిచేలోపలే చెప్పులు తొడుక్కున్నాను.

నేను చేరేసరికి అక్క పెట్టె సర్దేసి గడప దగ్గర కూర్చుని ఉంది. ఆలస్యం ఎందుకైందో చెప్పాను.

"ఇంతసేపూ ఏం జెప్పినాడు మే ఆ పెద్దమనిషి?"

"ఒక ఉంగరం ఉండెనంట అక్కా."

"ఊ," అంది అక్క.

నాకు అర్థమైంది ఆ ఉంగరం, దేవుళ్ల కొట్లాట వరకే. మిగతాదంతా కల్పించుకుంటూ పోయాను. రేపట్నుంచి ఈ ఊళ్లో నాకు ఊ కొట్టే మనిషి లేదు. అక్క ఊ కొడుతూనే ఉంది, నేను కథ అవగొట్టలేదు.