ఎదురుగా వచ్చే మనిషి

స్పెయిన్‌లోని సలమాంకాలో సాయంత్రం పూట ఎవరైనా ఇంట్లో కూర్చున్నాడంటే ఆ మనిషికి ఒంట్లో బాగోలేదని అర్థం. మిగిలినవాళ్ళంతా ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చౌకు, ప్లాసా మయోర్‌లో ఉంటారు. నాలుగు వైపులా కమానుల వరండాలు, వాటి కింద చుట్లు చుట్లుగా నడక. పని ఉండి కాదు. చూడడానికీ, కనబడడానికీ.

ఒకప్పుడు ఈ నడకకి ఓ పద్ధతి ఉండేది. మగవాళ్ళది ప్రదక్షిణం, ఆడవాళ్ళది అప్రదక్షిణం. అందుకని ఒక్కో చుట్టులో ప్రతి మగవాడూ ప్రతి ఆడమనిషికీ రెండుసార్లు ఎదురుపడేవాడు. మనసైన పిల్ల ఎదురైతే కుర్రవాడు గిరుక్కున వెనక్కి తిరిగి ఆమె పక్కన అడుగు కలిపేవాడు. అంతే, చర్చిగంట కొట్టేలోపు ఊరంతా కోడై కూసేది. ఇప్పటివాళ్ళకి ఈ గొడవ లేదు. ఎటు పడితే అటు నడుస్తారు, ఫోనులో తల దూర్చి స్తంభాలకి గుద్దుకుంటారు. పాత దారి తప్పనివాళ్ళు పట్టుమని పదిమంది కూడా లేరు. వాళ్ళలో కసిల్దా ఒకతె.

ఆమెకీ, అక్క ఒనోరినాకీ ప్లాసా వెనక సందులో గుండీలూ దారాలూ అమ్మే కొట్టు ఉండేది. తండ్రి వదిలి వెళ్ళిన కొట్టు. పెళ్ళి ఇద్దరికీ కాలేదు. బేరమంతా అక్కది, పొట్లం కట్టడం చెల్లెలిది. ఒనోరినాది నోరు కాదు, కత్తెర. కసిల్దాకి నోరుందా లేదా అని కొనడానికి వచ్చేవాళ్ళు అనుమానపడేవాళ్ళు. ఎవరైనా ఆమెని ఏదైనా అడిగితే అక్క జవాబు చెప్పేది, చెల్లెలు తల ఊపేది. జీవితమంతా అలాగే గడిచిపోయింది. కొట్టు కట్టేశాక నల్లకోట్లు తొడుక్కుని, పెదవులకి కాస్త రంగు పూసుకుని, చేతిలో చెయ్యి వేసుకుని నడకకి వచ్చేవారు.

అటునుంచి టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి మనిషి వచ్చేవాడు. రైల్వేలో పనిచేస్తాడని ఒనోరినా ఎక్కడో విన్నది. అంతకుమించి ఏమీ తెలీదు, పేరైనా తెలీదు. ఏ రోజుకారోజు మొదటిసారి ఎదురుపడినప్పుడు టోపీ అంచు తాకేవాడు, ఆ తరవాతి చుట్లలో తల ఊపేవాడు. కసిల్దా కూడా తల ఊపేది. ఒనోరినా ఊరుకునే రకమా?

“వస్తున్నాడే నీ గడియారం ముల్లు,” అనేది. “ఈ చుట్టులోనైనా వెనక్కి తిరుగుతాడేమో చూడు. ఆఁ, తిరుగుతాడు. ఆ ముల్లుకి ఎప్పుడో తుప్పు పట్టింది.”

కసిల్దా చెవులు ఎర్రబడేవి. పడుచుతనంలో ఎర్రబడ్డాయి, జుట్టు నెరిసిన తరవాతా ఎర్రబడ్డాయి. ఆ టోపీ మనిషిని మాత్రం పూర్తిగా తప్పుపట్టలేం. ఆమెకి ఒకపక్క గోడ, రెండోపక్క ఒనోరినా. అడుగు కలపడానికి చోటేదీ?

ఆకులు రాలే రోజుల్లో ఒనోరినా పోయింది. కొట్టు అంతకుముందే మూసేశారు. మైల తీరిందనిపించాక కసిల్దా ఒంటరిగా ప్లాసాకి వచ్చింది. అలవాటుగా పక్కకి చాచిన చేతికి ఏమీ తగలక, దాన్ని కోటు జేబులో పెట్టుకుంది. టోపీ మనిషి ఎదురయ్యాడు. ఈసారి ఆగాడు. టోపీ మొత్తంగా తీసి, “మీ అక్కగారి సంగతి తెలిసిందండీ. చాలా బాధేసింది,” అన్నాడు.

ఇన్నేళ్ళలో అతని గొంతు వినడం అదే మొదటిసారి. కసిల్దా అలవాటు చొప్పున అక్క జవాబు చెబుతుందని చూసింది. అక్క లేదు. తల ఊపి ముందుకు వెళ్ళిపోయింది. ఇంటికి చేరాక కావలసినన్ని జవాబులు తోచాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వాటన్నిటినీ పొయ్యి దగ్గర నిలబడి పైకే అనుకుంది. రేపు ఎదురుపడితే తానే ఆపి, “మీ పేరేమిటండీ?” అని అడగాలనుకుంది. ఇంత పెద్ద ఊళ్ళో తన మొహం కోసం చూసే మనిషి ఇక అతనొక్కడే. ఆ ఒక్కడినీ పోగొట్టుకోకూడదనుకుంది.

మర్నాడు మాట సిద్ధం చేసుకుని వచ్చింది. అతను ఎదురురాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఈ మూల తిరిగితే కనబడతాడేమో, ఆ మూల తిరిగితే కనబడతాడేమోనని అడుగు జోరు చేసింది. ఆయాసం వచ్చినా ఆగలేదు. వచ్చేవాళ్ళ మొహాలన్నీ వెతికింది. విద్యార్థులు, పిల్లల బళ్ళు తోసుకొచ్చే తల్లులు, ఫొటోలు తీసుకునే పరాయి ఊరివాళ్ళు. టోపీ మాత్రం లేదు.

ఎవరినైనా అడగచ్చు. ఏమని అడుగుతుంది? టోపీ పెట్టుకునే పెద్దాయన అంటే ఊళ్ళో సగంమంది అదే. పైగా ఈ వయసులో మగవాడి కోసం వాకబు చేస్తే, వరండాలో కాఫీలందించే ఎవేలియో ఆ కబురు కప్పుతోపాటు ప్రతి బల్లకీ అందిస్తాడు. సిగ్గుపడింది. పోయి ఉంటాడు అనుకుంది. పోయినవాళ్ళకోసం అన్ని చుట్లు తిరగడం ఎందుకని ఒకనాటి నుంచి రావడం మానేసింది.

చలికాలమంతా ఇంట్లోనే. పప్పు ఉడికిస్తే ఇద్దరికి సరిపడా అయ్యేది, మిగిలింది మర్నాడు తినేది. రేడియోలో వార్తలు చదివే అమ్మాయి సెలవు తీసుకుంటే “సరేనమ్మా” అనేది. ఎవరూ లేకపోవడం ఇంత బరువుగా ఉంటుందని ఆమెకి అంతవరకూ తెలీదు.

ఈస్టరు వెళ్ళిన మరుసటి వారం ఊరంతా ఏటి ఒడ్డుకి వెళ్ళి, మాంసం కూరిన ఒర్నాసో రొట్టె తింటారు. ఏటికి వెళ్ళే తోడు లేకపోయినా రొట్టె తినకుండా ఉండడం అశుభమని కసిల్దా చిన్న ముక్క కొనుక్కోవడానికి ప్లాసాకి వచ్చింది. పొట్లం పుచ్చుకుని తిరిగి వెళ్తుంటే ఎవేలియో పళ్ళెం చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు.

“దోన్యా కసిల్దాగారూ, ఇన్నాళ్ళకి దారి గుర్తొచ్చిందా? పాపం, బౌదిలియోగారిని అంతలా పరిగెత్తించడం ఏమైనా న్యాయమా?”

బౌదిలియో ఎవరని అడిగింది కసిల్దా. ఎవేలియో నోరు తెరిచి, ఏళ్ళ తరబడి పలకరించుకుంటూ ఆయన పేరే తెలీదా అన్నాడు. ఆ తరవాత సంగతంతా చెప్పాడు. టోపీ ఆయన ప్లాసాకి రావడం మానలేదు. దిక్కు మార్చుకున్నాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయిన మర్నాటి నుంచీ ఆడవాళ్ళ వరసలో పడి, ఆమె వెనకే నడిచాడు. మొహం ఎదుట వెనక్కి తిరిగే ధైర్యం చాలక, మెల్లగా వెనకనుంచి వచ్చి పక్కన అడుగు కలుపుదామనుకున్నాడు. ఆయనకా మోకాలు బాగోలేదు. ఆమె ఈ మూల తిరిగేసరికి ఆయన అవతలి మూలలో ఉండేవాడు, చుట్టు పూర్తికాకుండానే ఈ బల్లల వెనక కూలబడేవాడు. ఆమె ఒక్కసారైనా వెనక్కి చూసేది కాదు.

“ఒకచోట నిలబడండి, ఆవిడే చుట్టి వస్తుంది కదా అన్నాను,” అన్నాడు ఎవేలియో. “నిలబడి కాచుకోవడం పోకిరీల పని అన్నాడు. పిలవండి అంటే, నడివీధిలో ఆడవాళ్ళని కేకేసి పిలుస్తామా అన్నాడు. ఆ మనిషితో ఏం వాదిస్తాం?”

“ఇప్పుడు ఎక్కడున్నాడు?”

క్రిస్మస్‌కి ముందే మేనల్లుడొచ్చి, ఉత్తరాన సముద్రం పక్కనున్న హిహోన్ ఊరికి తీసుకుపోయాడన్నాడు. ఆ మేనల్లుడి పేరు తెలీదు, ఇల్లు తెలీదు. బౌదిలియోగారికి సముద్రం గాలి అసలు పడదు, వెళ్ళేముందు కాఫీ తాగుతూ అదే సణిగాడన్నాడు. ఎవేలియో కాసేపు పళ్ళెం తుడిచాడు.

“రోజూ ఆ కుర్చీలో కూలబడి మోకాలు రాసుకునేవాడండీ. ‘చూశావా ఎవేలియో, నేను వెనక ఉన్నానని తెలిసి ఎలా పారిపోతోందో’ అనేవాడు. మీరు రావడం మానేశాక, ‘నా మూలంగా పాపం ఆవిడ నడక కూడా మానేసింది’ అని ఒకటే బాధ.”

కసిల్దా రొట్టె పొట్లాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“పారిపోలేదు,” అంది. “ఆయన కనబడటం లేదని వెతుక్కుంటూ నడిచాను. అందుకే అంత జోరుగా నడిచాను.”

ఎవేలియోని అవతలి బల్లవాళ్ళు పిలిస్తే వెళ్ళాడు. వెళ్ళినా ఆమె ఆ మాటే మళ్ళీ అంది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. పుట్టి బుద్ధెరిగాక, అక్క సాయం లేకుండా మనసులోది పైకి చెప్పడం కసిల్దాకి అదే మొదలు. అది వినవలసిన మనిషి సముద్రం ఒడ్డున ఏ ఇంట్లోనో కూర్చుని, తానంటే ఆమెకి గిట్టదనుకుంటున్నాడు.