పేర్లు చదివిన ఫాదర్ రాయప్ప

ఫాదర్ రాయప్ప ఒక ఆడమనిషి పేరు చదవగానే, మీలో ఎంతమంది ఆ ఇంటి గడప తొక్కడం మానేశారు?

ఆయన మంగళవారం పోయారు. గుండెపోటు. బోటాటౌంగ్ పేటకు వెళ్లే బస్సులో ఉండగా నాకు ఫోన్ వచ్చింది. దిగాల్సిన చోట దిగలేదు. ముప్పయ్యేళ్లు ఆయన్ని సభల్లోనూ రాతల్లోనూ ఖండించినవాణ్ణి. సంతోషం కలగలేదు, దుఃఖమూ కలగలేదు. ఇప్పటికీ ఏమీ లేదు.

ఎవరైనా గర్భం తీయించుకున్నదని చెవిన పడితే చాలు, ఆయన శవపేటికలాంటి జానెడు చెక్కపెట్టె చేయించి, చేతిగంట మోగిస్తూ మనుషుల్ని వెంటేసుకుని బయల్దేరేవారు. పెట్టెను ఆ గుమ్మంలో దించి, ఆమె పేరు మూడుసార్లు గట్టిగా చదివేవారు. హిందువుల ఇల్లయినా సరే. చిమిండైంగ్ పేటలో గర్భాలు తీసే ఒక మంత్రసాని తలుపుకు గొలుసు బిగించి జైలుకూ వెళ్లారు.

విడుదలైన రోజు టీకొట్లో నన్ను పట్టుకున్నారు.

"ఏటిరా, దేవుడు లేడంటావు, సరే. కడుపులో బిడ్డ కూడా లేడంటావేటి?"

"ఉన్నాడనే అనుకుందాం ఫాదర్. తల్లి ఉందా, లేదా?"

"నోరు లేనోళ్ల తరపున ఒకడు అరవాల గదా! నీకు నోరే ఎక్కువ. తిను," అంటూ తన బన్ను నా ముందుకు తోశారు.

తల్లులు వదిలేసిన ముగ్గురు పిల్లల్ని ఆయన పెంచారు. చిన్నదానికి జడ వెయ్యడం నేర్చుకున్నారు. ఇది రాయకపోతే నేను అబద్ధాలకోరును.

పోయిన ఏడాది లమ్మడా పేటలో బట్టలు కుట్టే ఒకామె ఇంటి ముందు పెట్టె దించారు. ఆమె పేరు నేను రాయను. ఆమె బయటికి వచ్చి, "నాను తీయించుకోలేదు బాబూ, నిలవలేదు," అంది. చేతిగంట మోగడం ఆగింది. మర్నాడు ఆయన ఒక్కరే వెళ్లి, అదే గుమ్మంలో మోకరిల్లి క్షమాపణ అడిగారు. ఆమె క్షమించింది. వీధి మాత్రం ఆమెను పలకరించడం మానేసింది.

"ఒక్కచోట తప్పాను. అందుకని అన్నీ తప్పేనా?" అని నన్ను అడిగి, ఆయన మళ్లీ గంట పట్టుకున్నారు. నేను జవాబు రాస్తూండగానే పోయారు. అంత నిజాయితీగా అంత తప్పు చేసిన మనిషి నాకిక ఎదురుపడడు. ఆ టీకొట్టు కుర్చీలో కూర్చుని నాతో వాదించేవాడు ఇంకెవడూ లేడు.

ఆ కుట్టుపని చేసే ఆమెకు ఇప్పుడు మళ్లీ నాలుగో నెల. రెండు రోజులుగా రక్తం కనబడుతోందని ఆమె ఆడపడుచు చెప్పింది. ఫాదర్ పోయినా ఆయన మనుషులున్నారు, ఆస్పత్రికి వెళితే మళ్లీ పేరు చదువుతారని అత్తగారి భయం. నిన్న నేను వెళ్లాను.

"మొగోడివి, ఆడోళ్ల గొడవ నీకేటి బాబూ?" అని ఆవిడ తలుపు వేసేసింది.

లమ్మడా ఆడవాళ్లారా, ఆ ఇల్లు మీకు తెలుసు. సమాధి మీద పూలు రేపు పెట్టొచ్చు. ఇప్పుడే టాక్సీ పిలవండి. చెరో పక్కా పట్టుకుని ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లండి.