మైక్‌సెట్ ఇబ్రహీం, వెనక స్పీకర్లు

మా ఏన్కూరులో మైక్‌సెట్ అంటే ఇబ్రహీమే. పెళ్ళికి ఆయనే, లంబాడీల తీజ్ పండక్కి ఆయనే, ఓట్లు అడిగే అన్ని పార్టీలకూ ఆయనే. ఆయన పని పద్ధతి ఒకటుంది. స్పీకర్లు కట్టాక ఆఖరి వరుస దాటి, జనం వెనక నిలబడి చెయ్యి పైకెత్తుతాడు. ఆంప్లిఫయర్ దగ్గరున్న మనిషి సౌండ్ పెంచుతూ పోవాలి. చెయ్యి దించినప్పుడు ఆపాలి. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి సరైన సమయానికే దిగింది. ఈమధ్య ఆలస్యంగా దిగుతోంది. తండాలో మంగీలాల్ పెద్దకూతురి పెళ్ళిలో అయితే అసలు దిగలేదు. ముసలివాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని భోంచేశారు. వియ్యంకులు సైగలతోనే మర్యాదలు జరుపుకున్నారు.

ఇబ్రహీంకు చెవులు పోతున్నాయని ఊరంతటికీ తెలుసు. ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు.

"గిప్పటి ఆంప్లిఫయర్లల్ల దమ్ము లేదు గంగన్నా" అనేవాడు నాతో, నా పురుగుమందుల దుకాణం ముందు నిలబడి, బజారంతా వినేలా.

అప్పటికే కల్లూరు నుంచి డీజేవాళ్ళు తండాలకు రావడం మొదలైంది. ఇంకొక్క పెళ్ళి అలా జరిగిందంటే ఇబ్రహీంను పిలిచేవాళ్ళుండరు. ఎలాగైనా ఖమ్మం తీసుకుపోయి చెవులు చూపించాలని కూతురు అంజుమ్ ఆరాటం. భార్య షాకేరా ఒకసారి చెవుల మాటెత్తితే ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఇక ఎవరూ ఎత్తలేదు.

అంజుమ్ డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. నా దుకాణం పక్కనే ఉన్న తండ్రి దుకాణం ముందు సగంలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టింది, వెనక సగంలో మైకు సామాను ఉండేది. ఇంటర్ పిల్లలు ఇంటర్నెట్ కోసం వస్తున్నామని ఇంట్లో చెప్పి ఆట కోసం వచ్చేవారు. అదొక పాత యుద్ధం ఆట. కంప్యూటర్ లోపల సెకండ్‌హ్యాండ్ సౌండ్ కార్డు, బయట ముందు రెండు, వెనక రెండు స్పీకర్లు. వాటి డబ్బాలు ఇబ్రహీం తన చేత్తో టేకుతో చేశాడు. ఆ టేకు ఎక్కడిదని ఫారెస్టువాళ్ళు అడగలేదు, నేనూ అడగలేదు. ఆటలో శత్రువు వెనక నుంచి వస్తే అడుగుల చప్పుడు వెనక స్పీకర్లలోనే వినపడేది. నాకు ఆటలంటే పడదు. పక్కన తుపాకులు మోగుతుంటే మిరపతోట రైతుకు మందు ఎంత కలపాలో చెప్పి చూడండి, మీకూ పడదు.

రెండువేల ఎనిమిదిలో అంజుమ్ కొత్త కంప్యూటర్ కొంది. దాంట్లో కొత్త విండోస్. కార్డునూ స్పీకర్లనూ దానికి మార్చింది. పరీక్ష కోసం పెట్టిన శబ్దం నాలుగింట్లోనూ వచ్చింది. పాత ఆట పెడితే మాత్రం వెనక రెండూ మూగవైపోయాయి. శత్రువు ఎప్పుడొచ్చాడో తెలియక పిల్లలు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే చచ్చారు.

ఇబ్రహీంకు ఇది పరువు సమస్య అయింది. "నా డబ్బాలల్ల తప్పుండదు" అంటూ నాలుగింటినీ విప్పాడు. తీగలు మార్చాడు. తప్పు దొరకలేదు. చివరికి తనకు తెలిసిన వైద్యం చేశాడు. ముందు స్పీకర్ల తీగల్నే తెచ్చి వెనకవాటికి కలిపేశాడు.

"ఇగ చూడు బేటీ, నాలుగు దిక్కులా ఒక్క తీర్గ ఇనబడుతది."

నిజమే, వినబడింది. శత్రువు ఎటు నుంచి వచ్చినా నాలుగు దిక్కుల నుంచీ వచ్చినట్టే వినబడింది. పిల్లలు కుర్చీల్లో గిర్రున తిరిగి తిరిగి చచ్చారు. పెళ్ళిపందిట్లో శభాష్ అనిపించుకోవలసిన పని అది. ఆయన ముఖం చూసి పిల్లలు కూడా బాగుందనే అన్నారు.

శుక్రవారం ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు అంజుమ్ ఆ తీగలు ఊడదీసి, నెట్‌లో వెతకడం మొదలుపెట్టింది. అసలు సంగతి నాకూ వివరించింది. పాత ఆటలు శబ్దాన్ని నేరుగా కార్డుకే అప్పజెప్పేవట. ఏ అడుగు ఎటు నుంచి వినపడాలో కార్డే లెక్కగట్టి నాలుగు స్పీకర్లకూ పంచేదట. కొత్త విండోస్ ఆ దారి మూసేసింది. అందుకని కార్డు చేసినవాళ్ళే ఒక చిన్న ఫైలు ఇచ్చారు. దాన్ని ఆట ఉన్న ఫోల్డర్‌లో పెడితే, ఆట అదే పాత దారనుకుని శబ్దాన్ని దానికి ఇచ్చేస్తుంది. ఆ ఫైలు వేరే దారిలో కార్డుకు చేరుస్తుంది. ఏ ఆటకు ఆ ఆట ఫోల్డర్‌లో విడిగా పెట్టాలి. పెట్టింది.

"మామా, ఒక్క నిమిషం గీడ కూసో" అంది నాతో.

ఎందుకో చెప్పలేదు. తెరమీద ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. ఇంతలో నా వెనక ఎడమవైపు ఎండాకులు నలిగాయి. తల తిప్పి చూశాను. గోడ. నాకు ఒళ్ళు మండింది. అంజుమ్ మాత్రం పరీక్ష పాసైనట్టు నవ్వింది. చెప్పి కూర్చోబెడితే అందరూ వినబడిందనే అంటారని, మెడ మాత్రం అబద్ధం చెప్పదని ఆమె లెక్క.

అప్పుడే మంగీలాల్ వచ్చాడు. వస్తూనే నా చెవిలో వేసిన సంగతేమంటే, చిన్నకూతురి పెళ్ళికి కల్లూరు డీజేను మాట్లాడదామనుకుంటున్నాడు, ఆ మాట ఇబ్రహీంకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అంజుమ్ ఆయన్నీ కూర్చోబెట్టింది. ఆకులు నలగ్గానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"గుడ్డెలుగా ఏంది?"

అప్పటికే నమాజు నుంచి తిరిగొచ్చి వెనక సామాను దగ్గరున్న ఇబ్రహీం మా నవ్వులు చూసి ముందుకు వచ్చాడు. "అయిందా? జరుగు, నేను చూస్త" అని కూర్చున్నాడు. అంజుమ్ చెయ్యి మౌస్ మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

ఎడమ వెనక ఆకులు నలిగాయి. నేనూ మంగీలాలూ తిరిగి చూశాం. ఇబ్రహీం తెర చూస్తున్నాడు. కుడి వెనక నలిగాయి. ఆయన తెరనే చూస్తున్నాడు.

"ఇంక పెట్టలే?" అన్నాడు.

ఆ దుకాణంలో నిలబడలేకపోయాను, బయటికి పోనూలేకపోయాను. ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. అప్పుడు మెల్లగా తల వెనక్కి తిప్పాడు.

"ఆఁ, వచ్చింది వచ్చింది. మస్తుగున్నది."

అప్పటికే అంజుమ్ ఆట మూసేసింది. నాలుగు స్పీకర్లలోనూ చప్పుడు లేదు.

"అబ్బా, రేపు ఖమ్మం పోదాం" అంది తండ్రితో, మెల్లగా.

"ఏంది?"

"రేపు ఖమ్మం పోదాం."

"ఏంది బేటీ?"

ఆ పిల్లకు ఏడుపు ఆగలేదు. తండ్రి భుజం పట్టుకుని గొంతు చించుకుని అరిచింది. "అబ్బా! నీ చెవులు పోతున్నయ్! రేపు దవాఖానాకు పోదాం!"

బజార్లో సైకిళ్ళమీద పోయేవాళ్ళు కాళ్ళు ఆనించి ఆగారు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇబ్రహీం మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని బజారు వైపు చూశాడు.

"పోదాం తియ్యి" అన్నాడు. "గట్ల ఒర్రకు. ఊర్లె ఎవ్వలకు తెల్వొద్దు."

మంగీలాల్ కల్లూరు మాట ఎత్తలేదు. ఎవరికీ చెప్పబోమని నేనూ ఆయనా ఇబ్రహీం చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం.