నల్లోడి కోసం పొయ్యి వెలిగించని సాయంత్రం

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఉపవాసమేమీ కాదు... మా కుక్క నల్లోడి కోసం.

మాది ఏలూరు దగ్గర పెదపాడు దాటాక చేపల చెరువుల మధ్య చిన్న ఊరు. నాన్న చెరువులకి మేత వేయించే పని చూసేవారు. నల్లోడు ఆయన వెనకాలే గట్ల మీద తిరిగేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి... నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయేమో.

కొన్నాళ్లుగా వాడు తిన్నది తిన్నట్టే కక్కేస్తున్నాడు. చివరికి తినడమే మానేశాడు. డొక్కలు లోపలికి పోయి ఎముకలు బయటపడ్డాయి. అరుగు పక్కన చల్లటి మట్టిలో పడుకుని, పిలిస్తే తోక మాత్రం కదిపేవాడు.

పశువుల డాక్టరుగారు వచ్చి ఇంజక్షన్ చేశారు. తగ్గలేదు. రెండోసారి వచ్చినప్పుడు పొట్టంతా తడిమి చూశారు. "లోపల ఏదో అడ్డం పడినట్టుందండీ. ఇది నావల్ల అయ్యే పని కాదు. ఏలూరులో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మగారు ఉన్నారు. నేను ఫోన్ చేసి చెబుతాను, రేపు పొద్దున్నే తీసుకెళ్లండి" అన్నారు నాన్నతో.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మరో మాట చెప్పారు. "ఈ పూట నుంచి తిండి ఏమీ పెట్టకండి. మత్తులో ఉండగా కడుపులోది పైకొస్తే ఊపిరికి అడ్డం పడుద్ది. ప్రాణం మీదకొస్తుందండీ."

తిండే మానేసిన కుక్కకి పెట్టొద్దని చెప్పడమేంటా అనుకున్నాం...

ఇక ఇంట్లో అందరికీ పనే. బస్సులో కుక్కని ఎక్కనివ్వరని నాన్న ఆటో మాట్లాడడానికి వెళ్లారు. మామూలు రోజుల్లో వాణ్ని గడప కూడా తొక్కనివ్వని నాయనమ్మ, "ఈ చెరువు కంపుతోనే తీసుకెళ్తారా ఏంటి? ఆ డాక్టరమ్మ ఏమనుకుంటది?" అంటూ ఎండకి వేడెక్కిన నీళ్లలో గుడ్డ ముంచి వాడి ఒళ్లంతా తుడిచింది. అమ్మ తన పాత నేతచీర మడతలు వేసి, చుట్టూ కుట్టి పక్కలా చేసింది. భయపడి ఎవరినైనా కరుస్తాడేమోనని, మూతికి కట్టడానికి నాన్న పాత పంచె అంచు చించి పెట్టింది.

నాన్న తిరిగొచ్చాక, నన్ను తీసుకెళ్లాలా వద్దా అని కాసేపు వాదన.

"రేపు దానికి స్కూలుందండీ" అంది అమ్మ.

"వాడు దీని చేతిలో అయితేనే కదలకుండా ఉంటాడు. రానీ" అన్నారు నాన్న.

లైట్లు వేసే వేళకి అమ్మ పులుసు కోసం చింతపండు నానబెట్టి, కొరమీను ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తోంది. ఆ వాసనకి నల్లోడు లేచాడు. కాళ్లు వణుకుతుంటే మెల్లగా నడిచి వచ్చి, వంటింటి గడప మీద గడ్డం ఆనించి అమ్మ వైపు చూశాడు.

ఇన్నాళ్లకి వాడు తిండి అడిగాడు... అదీ ఆ పూటే.

"ఒక్క ముక్కమ్మా... చిన్నది" అని నేను ఏడుపు మొదలుపెట్టాను.

అమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "ఏవండీ... కాస్త తింటే ఓపికొస్తుందేమో కదండీ?" అంది నాన్నతో. నాన్నకీ పెట్టాలనే ఉన్నట్టుంది... గిన్నె వైపే చూశారు.

నాయనమ్మే లేచింది.

"డాక్టరుగారు వద్దన్నాక వద్దే అమ్మాయ్. ఆ ముక్కలు పక్కింటి వాళ్లకిచ్చేసి రా. వాడలా చూస్తా ఉంటే మనం వండుకు తింటామా? పొయ్యి కూడా వెలిగించకు. ఒక్క పూట తినకపోతే మనకేమీ అయిపోదులే."

అమ్మ గిన్నె మీద పళ్లెం మూసి పక్కింటికి తీసుకెళ్లింది. నాయనమ్మ గడప దగ్గర నేల మీదే కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకుంది. నాకు మాత్రం అటుకులూ బెల్లం దొడ్లో పెట్టారు, వాడికి కనబడకుండా. ఏడుస్తూనే తిన్నాను... ఆకలేసింది మరి.

తెల్లారాక, ఆటో వచ్చేలోపు నాయనమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "ప్రభువా, నోరు లేనోడు... నొప్పెక్కడో చెప్పుకోలేడు. నువ్వే చూసుకో తండ్రీ." అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

ఏలూరు వెళ్లేదాకా వాడి తల నా తొడ మీదే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా మూలిగేవాడు.

డాక్టరమ్మగారు మొదట అడిగిన ప్రశ్న ఒకటే. "నిన్న సాయంత్రం నుంచి ఏమైనా పెట్టారా?"

"లేదండీ... అడిగాడు గానీ పెట్టలేదండీ" అన్నారు నాన్న.

"మంచి పని చేశారు. ఆలస్యం చేయకూడదు. ఇప్పుడే ఆపరేషన్ చేసేద్దాం" అన్నారావిడ.

మూతికి గుడ్డ నేనే కట్టాను. మత్తు ఎక్కేదాకా చెవి వెనక గోకుతూ నిలబడ్డాను. ఆ తర్వాత నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన ఎవరిదో మేక అరుస్తూనే ఉంది... నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

కడుపులోంచి తీసింది తెచ్చి చూపించారు. ఉండ చుట్టుకుపోయిన నైలాను వల ముక్క. చేపల వాసనకి మింగేసి ఉంటాడు.

నల్లోడు బతికాడు. కుట్లు మానేదాకా వంటింట్లో అమ్మ చీర మీదే పడుకుని, నాయనమ్మ పోసిన గంజి తాగాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉన్నాడు... ముసలివాడై, ఓ మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు.

ఇప్పుడు నేనుండే వీధి చివరే జంతువుల ఆసుపత్రి ఉంది. ఫోన్లో టైము తీసుకుంటే చాలు... అంతా సులువే. కానీ ఇంట్లో మూగజీవికైనా మనిషికైనా ఒంట్లో బాగోకపోతే ఎవరో ఒక్కరమే తీసుకెళ్లి, చూపించి వచ్చేస్తున్నాం. మిగతావాళ్లకి సాయంత్రం తెలుస్తుంది... అదీ అడిగితే.

మీ ఇంట్లోనూ ఓ మూగజీవి కోసం ఇల్లంతా కదిలిన రోజు ఉండే ఉంటుంది... చెప్పండి. ముందుగా దాని పేరు చెప్పండి.